వెంట్రుకవాసి

జూన్ 27

తాళాల మాస్టారు ఇవాళ అక్కను అందరి ముందూ మెచ్చుకుని, ఆ నోటితోనే చురక కూడా పెట్టారు. ఆయనకు ఆ పేరు ఊరికే రాలేదు. క్లాసులో మాచేత తాళం వేయించేదీ ఆయనే, మా సంగీత విభాగం గదుల తాళాలన్నీ జేబులో వేసుకుని గలగలలాడిస్తూ తిరిగేదీ ఆయనే. విభాగానికి పెద్ద కనక ఎదుట ఎవరూ ఆ పేరు అనరు.

"పాట బావుందమ్మా. కానీ నేలబారుగా ఉంది. హాల్లో వెనక వరుసదాకా పోదు. అర శ్రుతి పెంచుకో" అన్నారు.

అక్క లేచి నిలబడింది. "నా గొంతు ఐదు శ్రుతిలోనే కూర్చుంటుంది మాస్టారూ."

"కూర్చుంటే ఎలా, లేవాలి" అన్నారాయన.

క్లాసంతా నవ్వింది. వయొలిన్ ఒళ్ళో పెట్టుకుని నేనూ నవ్వాను. అక్క నా వైపు చూసిందో లేదో తెలియదు.

నవంబరులో అక్కకు ఆఖరి కచేరీ. గాత్రం ఆఖరి ఏడాది వాళ్ళందరూ బయటి నుంచి వచ్చే పరీక్షకుల ముందు పాడాలి. మొదట నిలిచినవాళ్ళకు విభాగంలోనే టీచరు ఉద్యోగం. ఉన్నది ఒక్కటే. అక్కకు పోటీ అంటూ ఉంటే మైకు ఒక్కడే. మైకంటే అక్క క్లాసువాడు. మైకు లేకుండానే వీధి చివరికి వినిపిస్తాడని ఆ పేరు పెట్టాం. అక్క దగ్గరున్న సంగీతంలో సగం కూడా వాడి దగ్గర లేదు, కానీ వెనక వరుసకు వినిపిస్తాడు.

ఉద్యోగం రాకపోతే అమ్మ మమ్మల్నిద్దర్నీ ఇంటికి వచ్చెయ్యమంటుంది. నాకింకా రెండేళ్ళ చదువుంది.

జూన్ 30

అక్కతో వాదించి లాభం లేదు.

"ఒక్క నెల పెంచి చూడొచ్చు కదా అక్కా."

"పై పంచమం నాకు అందదని కాదే. మునివేళ్ళ మీద నిలబడి అటక మీది డబ్బా అందుకున్నట్టుంటుంది. రోజంతా మునివేళ్ళ మీద నిలబడతావా నువ్వు?"

"అలవాటైతే నిలబడతాను."

"నీకేం తల్లీ, నీది తీగ. తెగితే ఇంకోటి కట్టుకుంటావు."

నవ్వుతూనే అంది. అక్క ఏదన్నా నవ్వుతూనే అంటుంది.

జూలై 2

మా శ్రుతిపెట్టెకు రెండు నాబులు. పెద్దది తిప్పితే పైన అంకె మారుతుంది, ఐదు, ఐదున్నర, ఆరు అని. చిన్నది తిప్పితే అంకె మారదు. శ్రుతి మాత్రం వెంట్రుకవాసి పైకో కిందికో జరుగుతుంది. తీగవాద్యాలవాళ్ళు సర్దుకోవడానికి పెట్టిన నాబు అది. పాడేవాళ్ళు దాని జోలికి పోరు.

పెట్టె ఎప్పుడూ నా పక్కనే ఉంటుంది, దాన్ని బట్టే వయొలిన్ శ్రుతి చేసుకోవాలి కనక. విభాగంలో ఉన్న పెట్టెలు అరిగిపోయాయని క్లాసుకు కూడా మాదే మోసుకెళ్తాను. నేను మోగించగానే అక్క కళ్ళు మూసుకుని తొలి స్వరం, షడ్జమం, అందుకుంటుంది. చిన్నప్పటి నుంచీ అంతే.

ఇవాళ చిన్న నాబును వెంట్రుకవాసి పైకి జరిపాను. వయొలిన్ కూడా దానికే సర్దాను. అక్క అందుకుంది. ఏమీ అనలేదు. ఎవరికీ తెలియదు కూడా, నిన్నటి షడ్జమాన్నీ ఇవాళ్టిదాన్నీ పక్కపక్కన పెట్టుకుని వింటే తప్ప.

ఇది మోసం కాదు. సైకిలు నేర్పేవాళ్ళు వెనక చెయ్యి తీసేస్తున్నామని చెప్పి తియ్యరు కదా.

జూలై 3

ఇంకొంచెం.

జూలై 5

ఇంకొంచెం. వాన.

జూలై 21

అక్క పాడుతుంటే మాస్టారు మధ్యలో కళ్ళు తెరిచారు. ఆయన చేత కళ్ళు తెరిపించడమంటే మాటలు కాదు.

"ఇప్పుడు లేచింది. శ్రుతి పెంచావా అమ్మా?"

"లేదు మాస్టారూ, ఐదే" అంటూ అక్క పెట్టె మీద అంకె చూపించింది.

మాస్టారు పెట్టెను చూశారు. తర్వాత నన్ను చూశారు. ఆయనవి పాముచెవులు. నా చేతిలో కమాను జారింది. క్లాసయ్యాక వరండాలో నన్ను దాటుకుని పోతూ, "అంకెలు లెక్కల మాస్టారికి. మనకు చెవి చాలు" అన్నారు. జేబులో తాళాలు గలగలమన్నాయి.

అంటే ఆయనకు తెలుసు. తెలిసీ వద్దనలేదు. ఇంక నాకెందుకు బెంగ.

సాయంత్రం అక్క మేడమెట్లు ఎక్కుతూ పాడింది. కింది వాటా ఇంటావిడ చేతిలో చీపురు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి వింది. గదిలోకి వచ్చాక అక్క ఫోనులో ఇవాళ్టి పాట పెట్టుకుని విన్నది. ప్రతి సాధనా రికార్డు చేసుకుంటుంది, తప్పులు పట్టుకోవడానికి. ఏ రోజుదీ చెరపదు. ఇవాళ తప్పులేమీ దొరకలేదట. నన్ను పట్టుకుని గదంతా తిప్పింది.

ఆగస్టు 9

అమ్మ ఫోను.

"పెద్దదాని గొంతు ఫోనులో కూడా కొత్తగా ఉందే. ఏం పెడుతున్నావే దానికి?"

"నా చేతి వంట."

"అందుకేనేమో పాపం, ప్రాణభయంతో పాడుతోంది" అని తనే నవ్వింది. తర్వాత, "నువ్వు దాన్ని చూసుకుంటున్నావు. నాకంతే చాలు" అంది.

మా మొదటి పాటల టీచరు దగ్గరికి తీసుకెళ్ళిన రోజు అమ్మ గుమ్మంలోనే చెప్పేసింది. "పెద్దది పాడుతుందండీ. చిన్నదానికి ఏదైనా వాద్యం చెప్పండి. ఒకళ్ళు పాడితే ఒకళ్ళు పక్కన వాయిస్తారు." అప్పటికి నేను నోరు తెరిచి పాడగా ఎవరూ వినలేదు. వినకుండానే తేల్చేశారు. నాకేం బాధ లేదు. వయొలిన్ నాకిష్టమే. అక్క తానా అంటే నేను తందానా. పక్కవాద్యం లేని కచేరీ ఉప్పు లేని కూర అని మాస్టారే అంటారు. ఉప్పును ఎవరూ వేరే గిన్నెలో వడ్డించుకోరనుకో.

నాకేం బాధ లేదు.

ఆగస్టు 24

పొద్దున్నే అక్క గొంతు సవరించుకుంటోంది. చాలాసేపు.

ఆగస్టు 25

మళ్ళీ. వేడినీళ్ళు పెట్టిచ్చాను. ఇవాళ నాబు జరపలేదు.

రాశాక గుర్తొచ్చింది, జరిపాను. చేతికి అలవాటైపోయింది.

సెప్టెంబరు 11

చరణం మధ్యలో అక్క ఆగిపోయింది. నేను కూడా ఆపాను. పెట్టె ఒక్కటే మోగుతోంది.

"నాకేదో అవుతోందే" అంది.

"ఏమవుతోంది?"

"పాట అదే. శ్రుతి అదే. నేనే తగ్గిపోతున్నాను."

చెప్పేద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. నోటికి వచ్చింది మాత్రం ఇది: "పెట్టె పాతబడింది కదక్కా. ఒకసారి రిపేరుకిద్దామా?"

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంటుంది. పెట్టెదేం పాపం." పెట్టెను దగ్గరికి లాక్కుని అంకె చూసింది. ఐదు. మళ్ళీ నా వైపు తోసేసింది. "నా మూలంగా నీ సాధన కూడా పాడవుతోంది. ఏమీ అనుకోకు" అంది.

ఆ మాట అనకుండా ఉంటే బావుండేది.

సెప్టెంబరు 12

దించేద్దామని పెట్టె ముందు కూర్చున్నాను.

ఒక్కసారే దించితే తెలిసిపోతుంది. ఎంత కళ్ళు మూసుకున్నా మెట్టు తప్పినట్టు తెలుస్తుంది. కొంచెం కొంచెంగా దించుకొస్తే కచేరీ నాటికి మళ్ళీ నేలబారు, మళ్ళీ మైకు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పైగా ఇప్పుడు దాదాపు ఐదున్నరకు వచ్చేశాం. ఇంత దూరం వచ్చి వెనక్కి తిరగడమంటే అక్క ఇన్నాళ్ళు పడ్డ కష్టం బూడిదలో పోసినట్టే.

గొంతు కూడా కండరమే. కొంచెం నొప్పి పడందే ఏ కండరమూ గట్టిపడదు. ఎక్కడో చదివాను.

ఎక్కడ చదివానో గుర్తు లేదు.

సెప్టెంబరు 30

ఐదున్నర. పూర్తిగా. ఇక ఆపేశాను.

మాట ఇస్తున్నాను, ఇక ముట్టుకోను. ఎవరికి ఇస్తున్నానో మరి.

అక్టోబరు 6

గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళాం. అక్క మాట్లాడుతుంటే కూడా జీరగా ఉంది. డాక్టరు పెద్దావిడ. అక్క గొంతులోకి సన్నటి గొట్టం పెట్టి తెర మీద చూపించింది. రెండు తెల్లటి తాళ్ళలాంటివి, అంచులు ఎర్రగా వాచి ఉన్నాయి.

"ఈ మధ్య శ్రుతి ఏమైనా పెంచారా అమ్మా?"

"లేదండీ. ఎప్పటి శ్రుతే."

"ఖచ్చితంగా?"

"ఖచ్చితంగా. మా చెల్లే పెడుతుంది."

డాక్టరు నా వైపు తిరిగింది. "మీరూ పాడతారా?"

"లేదండీ. నేను వయొలిన్" అన్నాను.

ఆవిడ అడిగిందానికి జవాబు చెప్పాను. శ్రుతి సంగతి నన్నడగలేదు. అడిగితే చెప్పేదాన్నేమో.

పూర్తి విశ్రాంతి ఇవ్వకపోతే లోపల నెత్తురు చిమ్మే ప్రమాదం ఉందట. అలా జరిగితే పై స్వరాలు తిరిగి రావడం కష్టమట. కచేరీ అయ్యాక ఎంత కావాలంటే అంత విశ్రాంతి తీసుకుంటానంది అక్క. అప్పటిదాకా తక్కువ పాడతానంది. డాక్టరు పెదవి విరిచి మందులు రాసింది.

దారిలో అక్క నా చెయ్యి పట్టుకునే నడిచింది. రోడ్డు దాటేటప్పుడు కూడా వదల్లేదు.

అక్టోబరు 13

అక్క క్లాసుకు రాలేదు. మాస్టారు అక్క పాటనే నన్ను ఒంటరిగా వాయించమన్నారు. వాయించాను. "నీ వయొలిన్ పాడుతోందే" అన్నారు మాస్టారు.

సంతోషం వేసింది. ఇక్కడ కూడా దాచుకుంటే ఎలా. వేసింది.

అక్టోబరు 22

మైకు క్యాంటీన్లో నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. నెమ్మదిగా కూడా మాట్లాడగలడని ఇవాళే తెలిసింది.

"మీ అక్కకు ఒంట్లో బావోలేదటగా. నాది ఆఖరి తేదీ. కావాలంటే తేదీలు మార్చుకుందాం. తనకు ఇంకో వారం దొరుకుతుంది. మాస్టారితో నేనే మాట్లాడతాను."

"మా అక్కకేం కాలేదు" అన్నాను.

"అయితే మంచిదే. ఒకసారి తననడుగు."

అడగలేదు. వాడి దయ మాకెందుకు. అదీగాక వారంలో ఏం మారుతుంది.

నవంబరు 14

రేపే. అక్క చీర ఇస్త్రీ చేశాను. చెయ్యి కాలింది, పెద్దగా కాదు.

"భయంగా ఉందే" అంది అక్క. సగం మాటలు గాలిలో పోతున్నాయి. "నువ్వుంటావుగా పక్కన."

నవంబరు 15

అయిపోయింది.

నవంబరు 17

రాయాలి. రాయకపోతే అదే మళ్ళీ మళ్ళీ కళ్ళ ముందు జరుగుతోంది.

హాలు నిండింది. పరీక్షకుల బల్ల మీద నీళ్ళ గ్లాసుల మీద మూతలు. మృదంగం ఆయన నా పెట్టెకు శ్రుతి చేసుకుంటూ ఒకటికి రెండుసార్లు తల ఎత్తి పెట్టె మీది అంకె చూశాడు. ఐదు అని ఉంది. ఏదో అడగబోయి మానేశాడు.

మొదటి పాట గట్టెక్కింది. వెనక వరుసదాకా వెళ్ళింది కూడా. మాస్టారు అక్కడ నిలబడి నాకు తల ఊపారు. రెండో పాటలో చరణం పై పంచమం మీద నిలిచి, అక్కణ్నుంచి దిగాలి. అక్క ఎక్కింది. అందుకుంది. అక్కడ స్వరం చీలి రెండయింది. ఆ తర్వాత ఉత్త గాలి.

పాడేవాళ్ళు ఆగినా పక్కవాద్యం ఆగకూడదు. మాకు మొట్టమొదట నేర్పేది అదే. నా కమాను ఆగలేదు. ఆ పంచమాన్ని నేను పట్టుకున్నాను. నిలబెట్టాను. మెల్లగా దించి పల్లవిలో కలిపాను. అంత బాగా నేనెప్పుడూ వాయించలేదు. వాయిస్తుండగానే ఆ సంగతి నాకు తెలుసు. హాలు చప్పట్లతో మోగిపోయింది. అక్క పెదవులు కదులుతూనే ఉన్నాయి. వెనక వాళ్ళు తను పాడుతోందనే అనుకుని ఉంటారు.

తెర పడ్డాక మాస్టారు వచ్చారు. "నిలబెట్టావమ్మా" అన్నారు నాతో. అక్కతో, "ఎందుకమ్మా అంత పైకి పోవడం, నీ శ్రుతిలో నువ్వు పాడుకోక" అన్నారు.

నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన తాళాల గుత్తిలో ఏదో వెతుక్కుంటున్నారు.

ఉద్యోగం ఇక మైకుదే.

నవంబరు 19

నెత్తురు చిమ్మిందట. నెలకు పైగా ఒక్క మాట మాట్లాడకూడదు, గుసగుస కూడా పనికిరాదు. మాట తిరిగి వస్తుంది. పాట గురించి డాక్టరు ఏమీ అనలేదు. అక్క చీటీ మీద రాసి అడిగింది. ఆవిడ చీటీ చదివి మందులు రాసింది.

అమ్మ ఫోనులో ఏడ్చింది. "నువ్వు పక్కనుండి కూడా ఎలా జరిగిందే" అంది. ఫోను పెట్టేశాక నేనూ ఏడ్చాను. అక్క వచ్చి నా వీపు నిమిరింది.

నవంబరు 28

గదిలో చప్పుడు లేదు. అక్క పొద్దస్తమానం చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంటోంది. పాత సాధనలు వింటోంది. పాటలు మాత్రం వినడం లేదు. బయటికి సన్నగా వినిపిస్తూనే ఉంది: ఒకటి పెడుతుంది, శ్రుతి మోగి పాట మొదలవగానే ఆపేస్తుంది. ఇంకోటి పెడుతుంది, మొదలవగానే ఆపేస్తుంది. మళ్ళీ మొదటిది.

"ఏం వింటున్నావక్కా?"

ఫోనులో టైపు చేసి చూపించింది: జూలైలో ఎంత హాయిగా పాడానో.

తప్పులు వెతుక్కుంటోంది, పాపం.

నవంబరు 30

ఇవాళ కూడా అదే. నేను అన్నం పెట్టి పిలిస్తే తల ఎత్తి చూసింది. చాలాసేపు చూసింది. వచ్చి తింది.

డిసెంబరు 4

అక్క ఫోను నా చేతిలో పెట్టింది. "నా పాటలు నువ్వు పాడు. నేను నేర్పుతాను" అని రాసి ఉంది.

"నాకు పాడటం రాదు" అన్నాను.

మళ్ళీ తీసుకుని టైపు చేసింది: నీకు ఎప్పటినుంచో పాడాలని ఉంది.

నేను ఎవరితోనూ అనలేదు ఆ మాట. ఈ డైరీలో కూడా రాయలేదు. అక్కకెలా తెలుసు? అక్క కదా, తెలుస్తుంది.

ఇంత జరిగాక ఈ మాట అనడానికి ఎంత పెద్ద మనసుండాలి. నేను తనకు తగను. ఒప్పుకున్నాను.

డిసెంబరు 5

పాడాను. అక్క ఎదురుగా కూర్చుని చేత్తో తాళం వేసింది. శ్రుతిపెట్టె తన పక్కన పెట్టుకుంది. పాడేవాళ్ళకు ఆ గొడవ ఎందుకని సైగ చేసింది. నా గొంతు నాకే కొత్తగా ఉంది. సన్నగా, తెరలు తెరలుగా వచ్చింది. కానీ వచ్చింది. ఐదు శ్రుతి నాకు చక్కగా సరిపోయింది. అక్క గొంతే నాదీ, కాకపోతే ఇన్నాళ్ళూ పెట్టెలో పెట్టి ఉంచాను.

వయొలిన్‌ను మంచం కిందికి తోశాను.

డిసెంబరు 18

మాస్టారు విని, ఏప్రిల్లో పరీక్ష పెట్టి గాత్రంలోకి మారుస్తానన్నారు. అమ్మకు చెప్తే, "పోనీలే, ఏప్రిల్ దాకా అక్కడే ఉండండి. ఇంట్లో ఒక గొంతు మిగిలింది" అంది. మిగిలింది అనకుండా ఇంకేదైనా అనాల్సింది.

జనవరి 7

అక్క మాట్లాడింది. డాక్టరు ఒప్పుకుంది. లోతుగా, బొంగురుగా, ఎవరో పరాయి మనిషి మాట్లాడినట్టుంది. ఒక్కసారి షడ్జమం పట్టి చూసింది. అది వచ్చింది. పైకి వెళ్ళబోయింది, రాలేదు. డాక్టరు చూపించిన తెర మీద ఆ తెల్లటి తాడు అంచున చిన్న గడ్డ ఉంది, అది కరగదట.

అక్క ఏడవలేదు. "పద, నీ సాధనకు ఆలస్యమవుతోంది" అంది.

జనవరి 23

మాస్టారు మెచ్చుకున్నారు. గొంతుకు కొత్తగా మెరుపు వచ్చిందట. నెల కిందటికీ ఇప్పటికీ ఎంత తేడా అన్నారు. అక్క నా పక్కనే నిలబడి, "అంతా సాధనే మాస్టారూ" అంది.

ఆయన పెట్టె వైపు చూశారు. తర్వాత అక్క వైపు చూశారు. జేబులో తాళాలు గలగలలాడించారు.

ఫిబ్రవరి 3

పొద్దున లేచేసరికి గొంతు కాస్త పట్టేసింది. చలికి.

ఫిబ్రవరి 5

చలి తగ్గింది. గొంతు తగ్గలేదు. అక్క వేడినీళ్ళు పెట్టిచ్చింది.

ఫిబ్రవరి 11

అక్క నీళ్ళు పట్టడానికి కిందికి వెళ్ళింది. గదిలో నేనూ పెట్టే ఉన్నాం. పైన అంకె ఐదే. చిన్న నాబు ఎంత తిరిగి ఉందో చూడాలంటే కాస్త వంగాలి, అంతే. ఫోను దగ్గర పెడితే ఇంకా సులువు, శ్రుతి ఎంతో అదే చెప్తుంది.

వంగలేదు.

అక్క అలాంటి పని చేసే మనిషి కాదు. నన్నూ అందరూ అదే అంటారు.

చూస్తే ఏం తేలుతుంది? పెంచి లేదనుకో, నా గొంతే ఇంతని తేలుతుంది. అక్కను అంత మాట అనుకున్నందుకు నా మొహం నేనే చూసుకోలేను. పెంచి ఉందనుకో, అక్కను అడగాలి. శ్రుతి పెంచావా అని. అలా పెంచొచ్చని నీకెలా తట్టింది అంటుంది అక్క. దానికి నా దగ్గర ఉన్నది ఒక్కటే జవాబు. ఆ జవాబు జూలైలో చెప్పాల్సింది, సెప్టెంబరులో చెప్పాల్సింది, డాక్టరు ముందు చెప్పాల్సింది.

నాకు భయంగా ఉంది. గొంతు పోతుందని భయం. నోరు విప్పితే అక్క పోతుందని అంతకంటే భయం.

ఫిబ్రవరి 12

సాధనకు కూర్చున్నాం. అక్క పెట్టె మోగించింది. నాకు వెంటనే అందుకోబుద్ధి కాలేదు. మింగితే నొప్పిగా ఉంది.

"ఏం, శ్రుతి చూసుకోవా?" అంది అక్క.

"నువ్వు పెట్టావుగా" అన్నాను.

"నేనూ అలాగే అనుకునేదాన్ని."

నవ్వలేదు. కోపంగా కూడా లేదు. నన్నే చూస్తూ, తాళం వెయ్యడానికి చెయ్యి ఎత్తి నాకోసం ఆగింది. ఎంతసేపైనా ఆగేటట్టుంది. చెప్పేస్తే పెట్టె కట్టేసి నా పక్కకు వచ్చి కూర్చుంటుందని నాకనిపించింది. ఇప్పటికీ అనిపిస్తోంది.

చెప్పడానికే నోరు తెరిచాను. షడ్జమం వచ్చింది. అక్క తాళం వేసింది.